ఊరికే చూసే పండుగలకీ ఒక లెక్కుంది: హైదరాబాద్‌లో ఏది ఎప్పుడు, ఏది నిజంగా ఉచితం

మే నెల చివర్లో రాజమండ్రి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "పోయినేడు లష్కర్ బోనాలు జులై 13న కదే, టీవీలో చూశాను, ఈసారి కూడా ఆ టైముకే వచ్చేస్తా, గౌతమికి రిజర్వేషన్ చేయించమంటావా?" అంది. ఆగు పిన్నీ, చేయించకు అన్నాను. బోనాలు ఆషాఢంలో జరిగేవి, 2026లో జులై 13 నాటికి ఇంకా ఆషాఢమే రాదు, జ్యేష్ఠం నడుస్తూ ఉంటుంది, ఆషాఢం మొదలయ్యేదే జులై 15న. లష్కర్ బోనాలంటే సికింద్రాబాద్ బోనాలు, అవి గోల్కొండలో మొదటి బోనం ఎత్తి కొన్ని వారాలు గడిచాకే. ఆ తేదీకి వస్తే సికింద్రాబాద్ మహంకాళి గుడి మామూలు సోమవారంలా ఉంటుంది.

"అయితే తేదీ నువ్వే చెప్పు. టికెట్ ఎంత?" బోనాలకి టికెట్ ఏంటి పిన్నీ అన్నాను. దానికి ఆవిడ అడిగింది సబబుగానే ఉంది. నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌కి టికెట్ ఉంటుందిగా, హుస్సేన్‌సాగర్ పక్కన రోడ్డు మీద కార్ల రేసు పెట్టినప్పుడు టికెట్ లేనివాళ్లని దగ్గరికే రానివ్వలేదుగా, రాష్ట్రపతి నిలయం ఒకప్పుడు ఊరికే అనుకుని ఈమధ్య వెళ్తే డబ్బులడిగారుగా, మరి ఏది ఉచితమో ఏది కాదో ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లు కూడా ఇక్కడే తికమక పడతారు. ఊళ్లో ఏడాది పొడుగునా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, అయినా "అయ్యో నిన్ననే అయిపోయిందా" అనుకోని ఇల్లు లేదు. కొంచెం విడదీసి చూస్తే ఇందులో పెద్ద చిక్కులు రెండే కనిపిస్తాయి, ఒకటి తేదీ, రెండోది గేటు.

## "ఉచితం" అన్న ఒక్క మాటలో ఎన్ని రకాలు

మొదటి రకానికి గేటే ఉండదు. బోనాల ఊరేగింపు, వినాయక నిమజ్జనం, టాంక్‌బండ్ మీద సద్దుల బతుకమ్మ, పదో మొహర్రం నాడు డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు సాగే బీబీ కా ఆలం అనే పీరు ఊరేగింపు, దీపావళి వెళ్లాక నారాయణగూడలో యాదవుల దున్నపోతుల పండుగ సదర్, ఇవన్నీ వీధిలో జరిగేవి. ఎవరూ పిలవరు, ఎవరూ ఆపరు. నిలబడటానికి చోటు దొరికితే మీరు అతిథే.

రెండో రకానికి గేటు ఉంటుంది కానీ టికెట్ ఉండదు. 1961లో మొదలైన రవీంద్రభారతిలో సాయంత్రాలు జరిగే నాట్య, సంగీత కార్యక్రమాల్లో చాలావాటికీ, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో జరిగేవాటికీ నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. చాలామంది లోపల ఎవరిదో సొంత ఫంక్షన్ అనుకుని గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 2010 నుంచి జరుగుతున్న హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ ఉచితమే. బంజారాహిల్స్‌లో లమకాన్ అనే సాంస్కృతిక వేదికలో కొన్నిటికి టికెట్ ఉంటుంది, చాలావాటికి ఉండదు. సంక్రాంతికి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో జరిగే పతంగుల పండుగ కూడా ఈ రకమే.

మూడో రకం, డబ్బు అక్కర్లేదు కానీ పాసో టోకెనో ముందుగా పేరు నమోదో కావాలి. తగాదాలు, ప్రమాదాలు ఎక్కువగా ఇక్కడే. దీని గురించి కింద విడిగా రాస్తాను.

నాలుగోది నామమాత్రపు టికెట్. నుమాయిష్ టికెట్ 2025లో 50 రూపాయలు, డిసెంబర్‌లో వచ్చే బుక్ ఫెయిర్‌కి అంతకన్నా తక్కువ. లెక్క ప్రకారం ఇవి ఉచితం కాదు. కానీ ఈ ఊరివాళ్లు వాటిని సొంత పండుగల్లాగే చూస్తారు కాబట్టి ఇందులోకే వస్తాయి.

పిన్ని గుర్తు చేసిన కార్ల రేసు, అంటే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ, ఈ నాలుగింటిలో దేనికీ చెందదు. రోడ్డు అందరిదీ, దాన్ని కొన్ని రోజులు మూసి టికెట్ కొన్నవాళ్లకే చూపించారు. జరిగిన చోటు ప్రజలది అయినంత మాత్రాన జరిగేది ప్రజలందరిదీ అవ్వాలని లేదు.

## తేదీ ఎందుకు జారుతుంది: ఒక ఊరు, నాలుగు క్యాలెండర్లు

మన గోడ మీద వేలాడేది ఒక్క క్యాలెండరే. ఈ ఊరి పండుగలు మాత్రం నాలుగు లెక్కల మీద నడుస్తాయి.

ఇంగ్లీషు లెక్క అందరికీ తెలిసిందే. నుమాయిష్ జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా 46 రోజులు, రాష్ట్ర అవతరణ జూన్ 2. ఇవి కదలవు. కదిలాయంటే దానికి ప్రత్యేక కారణం ఉంటుంది, 2025లో మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మరణానికి సంతాపం కావడంతో నుమాయిష్ జనవరి 3న మొదలైంది.

రెండోది సూర్యుడి లెక్క. సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14, 15 దగ్గరే ఎందుకు ఉంటుందో, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం ప్రతి ఏడూ జూన్ 8 అటూఇటూగానే ఎందుకు వస్తుందో ఇందులో ఉంది. ఆ ప్రసాదం ఇచ్చేది మృగశిర కార్తె మొదలైనప్పుడు, అంటే సూర్యుడు మృగశిర నక్షత్రంలోకి అడుగుపెట్టినప్పుడు. కార్తెలన్నీ సూర్యుడి లెక్కే, అందుకే రైతులు వాటినే నమ్ముకుంటారు, అవి వానలతో పాటు నడుస్తాయి కాబట్టి. (చేప ప్రసాదంతో ఉబ్బసం తగ్గుతుందని నమ్మి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు, తగ్గుతుందనడానికి శాస్త్రీయ రుజువు లేదని డాక్టర్లు, హేతువాదులు ఏళ్లుగా చెబుతున్నారు. ఆ జాతర ఎలా ఉంటుందో చూడటానికి వెళ్లడం వేరు, వాడుతున్న ఇన్‌హేలర్ మానేయడం వేరు.)

మూడోది మన తిథుల లెక్క. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు, సూర్యుడి సంవత్సరం కన్నా 11 రోజులు తక్కువ. ఇలా వదిలేస్తే ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి ఉగాది చలికాలంలోకి జారిపోతుంది. అందుకని సుమారు రెండున్నరేళ్లు దాటాక ఒకసారి ఒక నెల అదనంగా కలుపుతారు, అదే అధికమాసం. నాలుగోది హిజ్రీ లెక్క. అదీ చంద్రుడిదే, అదీ 354 రోజులే, కానీ అందులో అధికమాసం లేదు, ఏటా పది పదకొండు రోజులు వెనక్కి వెళ్తూనే ఉంటుంది. రంజాన్ కొన్నేళ్లు ఎండాకాలంలో, కొన్నేళ్లు చలికాలంలో రావడం అందువల్లే.

వినాయక చవితి తీసుకుని చూడండి. 2024లో సెప్టెంబర్ 7, 2025లో ఆగస్టు 27. పదకొండు రోజులు వెనక్కి. ఇదే వరస అనుకుంటే 2026లో ఆగస్టు మధ్యలో రావాలి, కానీ సెప్టెంబర్ 14న వస్తోంది. కారణం మధ్యలో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చింది, దాంతో ఆ తర్వాతి పండుగలన్నీ ఒక్క గెంతులో పద్దెనిమిది, పందొమ్మిది రోజులు ముందుకి పోయాయి. బతుకమ్మ మొదటి రోజు, అంటే ఎంగిలిపూల బతుకమ్మ, 2025లో సెప్టెంబర్ 21, 2026లో అక్టోబర్ 10. అందుకని నేను వాడే లెక్క ఇది: పోయినేడు తేదీలోంచి పదకొండు తీసేయాలి, పోయినేటి పండుగకీ ఈ ఏటి పండుగకీ మధ్యలో అధికమాసం వస్తే మాత్రం తీసేయడానికి బదులు పద్దెనిమిదో పందొమ్మిదో కలపాలి. ఒక రోజు అటూఇటూ తప్ప పెద్దగా తేడా రాదు. పిన్నికి ఫోన్లో చెప్పింది కూడా ఇదే.

## మిలాద్, నిమజ్జనం మూడేళ్లు ఎందుకు కలిసి వచ్చాయి, ఇప్పుడెందుకు విడిపోయాయి

ఈ నాలుగు లెక్కల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసే సంగతి ఇది. 2023లో నిమజ్జనం సెప్టెంబర్ 28, ప్రవక్త పుట్టినరోజు మిలాదున్నబీ కూడా సెప్టెంబర్ 28. ఒకే రోజు, రెండూ పాతబస్తీ మీదుగా సాగే పెద్ద ఊరేగింపులు. ఊరంతా టెన్షన్ పడింది. చివరికి మిలాద్ ఊరేగింపు నిర్వాహకులు దాన్ని అక్టోబర్ 1కి మార్చుకున్నారు, రెండూ సాఫీగా జరిగిపోయాయి. 2024లో మిలాద్ సెప్టెంబర్ 16, నిమజ్జనం 17. 2025లో మిలాద్ 5, నిమజ్జనం 6. ఆ రెండేళ్లూ మిలాద్ ఊరేగింపుని మళ్లీ కొన్ని రోజుల తర్వాతకి జరుపుకున్నారు.

వరసగా మూడేళ్లు ఇలా పక్కపక్కనే ఎందుకు పడ్డాయి? రెండూ చంద్రుడినే చూసుకుని నడిచేవి కాబట్టి. మిలాద్ రబీవుల్ అవ్వల్ నెలలో పన్నెండో రోజు, నిమజ్జనం భాద్రపద శుద్ధ చతుర్దశి, అంటే అనంత చతుర్దశి. అక్కడ నెల మొదలయ్యేది నెలవంక కనబడ్డాక, మన పాడ్యమి అమావాస్య వెళ్లగానే, కాబట్టి వాళ్ల పన్నెండో రోజు మన త్రయోదశికో చతుర్దశికో దగ్గర పడుతుంది. భాద్రపదం, రబీవుల్ అవ్వల్ ఒకే చంద్రుడి కింద వచ్చినన్నాళ్లూ రెండు పండుగలూ చేయిచేయి పట్టుకుని ఏటా పదకొండు రోజులు వెనక్కి నడుస్తాయి. మనవైపు అధికమాసం పడిన ఏడాది ఆ చేయి విడుతుంది. 2026లో పడింది. మిలాద్ ఆగస్టు చివరికి వెళ్లింది, నిమజ్జనం సెప్టెంబర్ 25కి వచ్చింది, మధ్యలో నెల రోజులు ఎడం.

బోనాలకీ మొహర్రానికీ ఇదే జరిగింది. 2024, 2025ల్లో రెండూ ఒకే చంద్రుడి కింద వచ్చాయి, 2026లో మొహర్రం జూన్‌లోనే అయిపోయి బోనాలు జులై మధ్య నుంచి. ఇలా విడిపోయినవి ఒక చుట్టు తిరిగి మళ్లీ కలవడానికి సుమారు 32, 33 ఏళ్లు పడుతుంది. 1991లో కూడా మిలాద్, నిమజ్జనం పక్కపక్కనే పడ్డాయి, కావాలంటే ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, పాతబస్తీవాళ్లకి గుర్తుంటుంది.

## మీరు కట్టకపోతే ఎవరు కడుతున్నారు

ఉచితం అంటే ఖర్చు లేదని కాదు, మీ దగ్గర గుమ్మంలో వసూలు చేయట్లేదని. వినాయక మండపం సంగతి చూస్తే బొమ్మ, పందిరి, మైకు, లైటింగ్, పూజ, అన్నదానం, నిమజ్జనం రోజు లారీ, డీజే, వీటన్నిటికీ వీధిలో చందాలు పోగేస్తారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి తీసుకున్న మండపాలకి ఉచిత కరెంటు ఇస్తామని ప్రకటించింది, అంటే ఆ మేరకు ఖర్చు చందా పుస్తకంలోంచి ప్రభుత్వ ఖాతాలోకి మారింది. క్రేన్లు, బారికేడ్లు, మర్నాడు తెల్లారగట్ల చెత్త ఎత్తే కార్మికుల జీతాలు, పోలీసుల డ్యూటీలు, ఇవన్నీ మొదటినుంచీ ప్రజల డబ్బే.

బాలాపూర్ వినాయకుడి లడ్డూది ఇంకో దారి. 1994లో మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలకి పోయింది, 2025లో 35 లక్షలు పలికింది. ఒకరు పేరు కోసమో భక్తితోనో పెద్ద మొత్తం పెడతారు, ఆ డబ్బు ఊరి పనులకి వెళ్తుంది, చూడటానికి వచ్చిన వేల మందికి రూపాయి ఖర్చు లేదు.

నుమాయిష్ ఈ రెండింటికీ భిన్నం. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు కలిసి పబ్లిక్ గార్డెన్స్‌లో వంద స్టాళ్లతో మొదలుపెట్టారు, తర్వాత ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. టికెట్ల మీదా స్టాళ్ల అద్దె మీదా వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ లాంటివి నడుపుతోంది. నాంపల్లిలో 50 రూపాయలు పెట్టి లోపలికి వెళ్లినవాళ్లు ఒక ఆడపిల్ల చదువుకి కాస్త సాయపడ్డట్టే.

ప్రభుత్వ సొమ్ము పండుగలకి పెట్టడం మీద రెండు వాదనలున్నాయి. 2014లో బోనాలు, బతుకమ్మ రాష్ట్ర పండుగలయ్యాయి, అప్పటినుంచి నిధులు వస్తున్నాయి. అన్నాళ్లూ ఈ పండుగల్ని ఎవరూ పట్టించుకోలేదు, బీదబిక్కీ చేసుకునే పండుగలకి ఇన్నాళ్లకి గౌరవం దక్కిందని ఒక మాట, నీళ్లు, టాయిలెట్లు, రోడ్లు ప్రభుత్వమే చూడకపోతే ఇంకెవరు చూస్తారని దానికి తోడు మరో మాట. నిధులొచ్చాక వేదిక మీద నాయకులు, ఫ్లెక్సీలు ఎక్కువై బోనం ఎత్తుకున్న ఆడమనిషి పక్కకి పోయిందని, ఏ మతం పండుగకైనా ఖజానా నుంచి డబ్బు ఎందుకని ఇంకొందరు. నేను మొదటివైపే మొగ్గుతాను. అయితే తలమీద బోనంతో నడిచొచ్చినవాళ్లు ఒక వీఐపీ కాన్వాయ్ వెళ్లేదాకా ఆగడం కళ్లారా చూశాను కాబట్టి రెండోవాళ్ల మొదటి మాటని కాదనలేను.

## జనం ఎక్కువైతేనే ప్రమాదమా? గేటు ఎక్కడుందో చూడాలి

నిమజ్జనం రోజు సాగర్ చుట్టూ లక్షల మంది. అయినా తొక్కిసలాట అరుదు, ఎందుకంటే ఆ జనం ఒక రాత్రీ ఒక పగలూ నిండా, మైళ్ల పొడుగునా పరుచుకుని కదులుతూ ఉంటారు, అందరూ ఒకే నిమిషానికి దూరాల్సిన తలుపు ఎక్కడా లేదు.

2025 జనవరి 8న తిరుపతిలో పరిస్థితి వేరు. వైకుంఠ ద్వార దర్శనానికి ఉచిత టోకెన్లు, ఇచ్చేది కొన్ని కౌంటర్లలో, ఉన్నవి ఇన్నే. ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర ఐపీఎల్ గెలుపు సంబరాల్లో పదకొండు మంది పోయారు. స్టేడియంలో పట్టేది ముప్పై అయిదు వేల లోపు, బయట చేరింది లక్షల్లో, రమ్మన్న పిలుపు ఒకవైపు, పాసులున్నాయన్న మాట మరోవైపు, గేటు తెరుస్తారో లేదో ఎవరికీ తెలియదు. ఉచితం, చోటు పరిమితం, ముందొచ్చినవాళ్లకే, ఈ మూడూ ఒక గేటు దగ్గర కలిస్తే ఎంత ప్రమాదమో ఈ రెండు చోట్లా తెలిసింది.

దీనికి పరిష్కారం మీద కూడా ఒక్క మాట లేదు. తిరుమలలో తర్వాతి వైకుంఠ ఏకాదశికి మొదటి మూడు రోజుల టోకెన్లని ఆన్‌లైన్ డిప్‌లో, అంటే లాటరీలో ఇచ్చారు, మిగతా ఏడు రోజులూ టోకెన్ లేకుండానే పంపారు. తోపులాట తగ్గుతుంది, నిజమే, కానీ స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్లు ఏం కావాలి అన్న ప్రశ్న మిగులుతుంది, మిగతా ఏడు రోజులు దానికే వదిలారనుకోవచ్చు. చిన్న టికెట్ పెడితే ఊరికే వచ్చేవాళ్లు తగ్గుతారని కొందరు అంటారు. అయిదుగురున్న కూలీ కుటుంబానికి ఆ చిన్న టికెట్ ఒక పూట కూలి అవుతుందని మరికొందరు.

ఇక్కడే రాష్ట్రపతి నిలయం గుర్తొస్తుంది. బొల్లారంలోని ఆ తోటలు ఒకప్పుడు రాష్ట్రపతి శీతాకాల విడిది ముగిశాక రెండు వారాలు మాత్రం తెరిచేవారు, అప్పుడు ఊరికే. 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా తెరుస్తున్నారు, మనిషికి 50 రూపాయలు. ఏది ఎక్కువ ప్రజలది, ఉచితంగా రెండు వారాలా, డబ్బులతో ఏడాది పొడుగునా? మా అమ్మ పాతదే మేలంటుంది, అప్పుడు జనవరి చలిలో పూలన్నీ విరగబూసి ఉండేవి, ఊరంతా కదిలి వచ్చేది, అదొక పండుగ. నా చెల్లెలికి ఆదివారం తప్ప సెలవు దొరకదు, దానికి ఇప్పటిదే వీలు. ఎవరి వీలు వారిది, ఇందులో ఒకటే ఒప్పని తేల్చలేను.

## టికెట్ సున్నా, రాత్రికి ఇల్లు చేరడానికి ఎంత

ఉప్పల్ నుంచి అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు నిమజ్జనం చూడ్డానికి బయలుదేరారనుకుందాం. అక్కడ టికెట్ లేదు. వెళ్లేటప్పుడు మెట్రో. పిల్లలకి ఒక బొమ్మ, మిరపకాయ బజ్జీ, నీళ్ల సీసాలు కలిపి మూడొందలు. రాత్రి పదకొండుకి చూస్తే రోడ్లు మూసేసి ఉంటాయి, కిలోమీటరున్నర నడిస్తేగానీ ఆటో కనబడదు, కనబడినవాడు అయిదొందలు అంటాడు. ఉచితం అనుకున్న సాయంత్రం ఎనిమిది వందలు దాటింది. అదే నలుగురూ నుమాయిష్‌కి వెళ్తే టికెట్లకే రెండొందలు, కానీ గాంధీభవన్, నాంపల్లి మెట్రో స్టేషన్లు దగ్గర్లోనే ఉంటాయి, నడిచి వెళ్లి నడిచి వచ్చేయవచ్చు. లోపల ఆగలేక దుప్పట్లు కొంటే అది వేరే సంగతి. మొత్తం లెక్క కట్టేటప్పుడు మొదట చూడాల్సింది ఆఖరి రైలు ఎన్ని గంటలకి అన్నది. గత కొన్నేళ్లుగా నిమజ్జనం రాత్రి మెట్రోని అర్ధరాత్రి దాటాక కూడా నడుపుతున్నారు, ఆ ప్రకటన రెండు మూడు రోజుల ముందు వస్తుంది. ఆ రైలు ఉంటే ఆటో అయిదొందలూ మిగిలినట్టే.

ఆడవాళ్ల లెక్క 2023 డిసెంబర్ 9 నుంచి మారిపోయింది. మహాలక్ష్మి పథకం వచ్చాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. పండుగ సాయంత్రాల్లో ఆడవాళ్లు గుంపులుగా బయటికి రావడం అప్పటినుంచి పెరిగిందని నాకు కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది, మా వీధిలోనే పూలపళ్లేలు ఒడిలో పెట్టుకుని టాంక్‌బండ్‌కి బస్సెక్కే అత్తాకోడళ్లు ఇంతకుముందు లేరు. అయితే తెలంగాణ అడ్రసున్న ఆధార్ ఉండాలి. రాజమండ్రి పిన్నికి అక్కడ స్త్రీశక్తి పథకంలో ఉచితం, ఇక్కడికొస్తే టికెట్ కొట్టించాల్సిందే.

డబ్బు లెక్కలోకి రానిది ఇంకోటుంది, టాయిలెట్. గేటు లేని పండుగల్లో ఆడవాళ్లు తొందరగా ఇంటికి వెళ్లిపోవడానికి పెద్ద కారణం అదే. దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. మొబైల్ టాయిలెట్లు పెడుతున్నారు, కానీ ఊరేగింపు దారి మధ్యలో ఎక్కడున్నాయో ఒక్క బోర్డు కనిపించదు.

## చెరువు, రోడ్డు: పండుగలో లేనివాళ్ల వాటా

ఉచితమైనది ఇంకొకరి నెత్తిన పడుతుందా అన్న ప్రశ్నకి హుస్సేన్‌సాగర్ కన్నా మంచి ఉదాహరణ లేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు నీళ్లలో కరగవు, రంగులు నీటిలో కలుస్తాయి. 2021లో హైకోర్టు ఆ బొమ్మల్ని సాగర్‌లో కలపకూడదంది. సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి ఒప్పుకుంది. ఆ తర్వాత నిమజ్జనం కోసం కట్టిన చిన్న కొలనులు, బేబీ పాండ్లు వచ్చాయి, మట్టి బొమ్మలు పంచుతున్నారు, 1954లో ఒక్క అడుగుతో మొదలైన ఖైరతాబాద్ గణపతిని 2022 నుంచి మట్టితోనే చేస్తున్నారు. అంత ఎత్తు బొమ్మ మట్టితో అయినప్పుడు వీధి చివర అయిదడుగుల బొమ్మ ఎందుకు కాదన్నది ఒక వాదన. మట్టి బొమ్మ బరువెక్కువ, ధర ఎక్కువ, ప్లాస్టర్ అచ్చుల మీద బతికే ధూల్‌పేట కళాకారులు ఏడాదికి ఒక్క సీజన్‌లోనే సంపాదించుకుంటారన్నది మరో వాదన, అదీ అబద్ధం కాదు.

2021 ఆగస్టు 29న టాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం అయిదు నుంచి పది దాకా బళ్లు ఆపేసి సండే ఫండే మొదలుపెట్టారు, అక్టోబర్‌లో చార్మినార్ దగ్గర కూడా. పిల్లలు నడిరోడ్డు మీద పరిగెత్తడం, ముసలివాళ్లు బండ్ల భయం లేకుండా నడవడం అప్పుడు చూశాం. కవాడిగూడ, సికింద్రాబాద్ వైపు వెళ్లాల్సినవాళ్లకి మాత్రం ఆదివారం సాయంత్రం చుట్టూ తిరగడమే అయ్యేది.

## ఊళ్లో ఏముందో చెప్పే కాగితం

పిన్ని చివరికి అడిగింది, "ఇవన్నీ ముందే తెలిసే దారేంటే?" నాకు దొరికిన దారి ట్రాఫిక్ పోలీసుల అడ్వైజరీ. వాళ్లు అది రాసేది రావొద్దని చెప్పడానికే, కానీ అందులో తేదీ, మొదలయ్యే గంట, ముగిసే గంట, ఊరేగింపు దారి, ఎక్కడ ఆపుతారు, పార్కింగ్ ఎక్కడ, అన్నీ ఉంటాయి. ఏ పోస్టర్‌లోనూ ఇంత వివరం ఉండదు. ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో తెలిస్తే ఊరేగింపు అక్కడికి ఎప్పుడొస్తుందో తెలిసినట్టే, డైవర్షన్ పాయింట్ ఎక్కడో తెలిస్తే తిరిగి వెళ్లేటప్పుడు ఆటో ఎక్కడ దొరుకుతుందో తెలిసినట్టే.

సదర్‌ని నేను మొదటిసారి చూసింది అలాగే. దీపావళి అయిన రెండో రోజు నారాయణగూడ వైఎంసీఏ దగ్గర రోడ్డు మూస్తారని పేపర్లో చదివి, ఎందుకా అని వెళ్లాను. ఒళ్లంతా నూనె రాసి నల్లగా నిగనిగలాడే దున్నపోతులు, కొమ్ములకి రంగులు, మెడలో గవ్వల హారాలు, బంతిపూల దండలు, ముందు డప్పులు. యాదవ సోదరుడు ఒకాయన ముకుతాడు పట్టుకుని చెవిలో ఏదో చెప్పగానే అంత బరువు జంతువు ముందుకాళ్లు రెండూ గాల్లోకి లేపింది, పక్కనున్న పాప వాళ్ల నాన్న భుజం మీద నుంచి "మళ్లీ, మళ్లీ" అని అరిచింది. ఆ పాప పక్కనే నేనూ నిలబడ్డాను, అడ్వైజరీలో రాసిన చోటికి పది అడుగుల ఇవతల, బారికేడ్ ఆనుకుని.

పిన్నికి ఇప్పుడు సికింద్రాబాద్ సంగతి చెప్పాను. బోనాల ఆదివారం లైను గంటల తరబడి, బోనం ఎత్తుకున్నవాళ్లకి వేరే లైను, మామూలు దర్శనానికి వేరే. కానీ అసలు ఉండాల్సింది సోమవారం పొద్దున్న. రంగం అప్పుడే. అమ్మవారు పూనిన ఆడమనిషి పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆ కాసేపు, అంత మైకుల మోత ఉన్న వీధి ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోతుంది, అందరూ ఒక్క మాట కోసమే చెవి ఒగ్గి ఉంటారు, ఈ ఏడు వానలు పడతాయా అని. తర్వాత ఏనుగు అంబారీ మీద ఊరేగింపు. అందుకని తిరుగు రిజర్వేషన్ ఆదివారం రాత్రికి కాకుండా సోమవారం రాత్రికి చేయించుకో పిన్నీ అన్నాను. గుడివాళ్లు తేదీ ప్రకటించాకే చేయిస్తానంది.